ఉచిత టికెట్టు వెనుక కథ

తూత్తుకుడి అంటే మనకు ముత్యాలు, ఉప్పు గుర్తొస్తాయి. నూరేళ్లకు పైగా క్రితం అక్కడ ఓడ టికెట్టు మీద ఒక పెద్ద పోరాటం జరిగింది.

అప్పట్లో తూత్తుకుడి, కొలంబోల మధ్య ఓడల వ్యాపారంలో పెత్తనమంతా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీదే. దాన్ని ఎదిరించడానికి వ.ఉ. చిదంబరం పిళ్లైగారు 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. మూలధనం 10 లక్షల రూపాయలు, ఒక్కో షేరు 25 రూపాయలు. ఊరూరా తిరిగి షేర్లు అమ్మి, రెండు ఓడలు తెచ్చారు.

జనం స్వదేశీ ఓడలెక్కడం చూసి ఇంగ్లీషు కంపెనీ టికెట్టు ధర ఒక్క రూపాయికి దించేసింది. స్వదేశీ కంపెనీ కూడా తగ్గించింది. చివరికి ఇంగ్లీషు కంపెనీ ఉచితంగా ఎక్కించుకుని, పైగా గొడుగు కూడా ఇస్తామందని చెబుతారు. వినడానికి బాగానే ఉంది కదా! కానీ ఆ కంపెనీకి ఇంకా ఎన్నో దారుల్లో ఓడలున్నాయి. ఇక్కడి నష్టాన్ని అక్కడి లాభంతో పూడ్చుకుంటుంది. స్వదేశీ కంపెనీకి ఆ వీలు ఎక్కడిది? ఆ గొడుగు బహుమానం కాదు, చేపకు వేసిన ఎర.

సర్కారు కూడా పెద్ద కంపెనీ వైపే నిలబడింది. 1908లో కోరల్ మిల్లు కార్మికులు కూలి పెంచమని సమ్మె చేస్తే పిళ్లైగారు వాళ్లతో నిలబడ్డారు. కొద్ది రోజులకే ఆయన్ని అరెస్టు చేశారు. జైల్లో ఆయనచేత గానుగ తిప్పించారు. ఆయన 1912లో విడుదలయ్యేసరికి కంపెనీ మూతపడిపోయింది.

సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడి అందరికీ కీడు కాకూడదని మన రాజ్యాంగం 39వ అధికరణం చెబుతుంది. అందుకే 1969లో గుత్తాధిపత్యాల మీద చట్టం తెచ్చారు. దాని స్థానంలో వచ్చిన 2002 పోటీ చట్టం, పోటీదారును దెబ్బతీయడానికి పెద్ద కంపెనీ ఖర్చుకన్నా తక్కువకు అమ్మడాన్ని తప్పంటుంది. అయితే పెద్దదిగా ఉండటమే తప్పని అనదు.

నాకు అది చాలదనిపిస్తుంది. ఏనుగునీ మేకనీ ఒకే బరిలో వదిలి, పోటీ న్యాయంగా జరిగిందంటే ఎవరు నమ్ముతారు? టికెట్టు ఎంత అని మాత్రమే కాదు, ఓడ ఎవరిది, ఆ బలం ఎవరి చేతిలో ఉంది అని కూడా అడగాలి. పిళ్లైగారు అడిగింది అదే.