తాడు తెగిన చోట

వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే మొగలో పండుగప్ప గాలానికి పడిందంటే మొదటి నిమిషమే గండం. రొయ్యో చిన్న చేపో ఎరగా మింగిన ఆ చేప ఒక్కసారి నీళ్లపైకి ఎగిరి తల విదిలిస్తుంది. కిందికి దిగగానే బండల చాటుకో, మునిగిన దుంగల మధ్యకో దూరబోతుంది. దాని మొప్ప మూత అంచు రంపమే. నోట్లో పళ్లు మాత్రం గరుకు కాగితంలా సన్నం, కోసేవి కావు. అందుకే తాడు నోటి దగ్గర కంటే మొప్ప మూత పక్కన ఒరుసుకున్నప్పుడే ఎక్కువ తెగుతుంది. చేప పోయాక చేతికి మిగిలేది తెగిన కొస ఒక్కటే. అనుభవమున్నవాడు చేపను తిట్టుకునే ముందు ఆ కొసను వెలుతురుకెత్తి చూస్తాడు.

ఆసియా సీబాస్ అని ప్రపంచం పిలిచే పండుగప్పకు ఈ తీరం అనువైన చోటు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్లు సముద్రతీరం ఉంది. ఆ కాస్త దూరంలోనే బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి సముద్రంలో కలుస్తాయి. పండుగప్ప ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు మొగల వెంట పైకి ఎక్కి మంచినీటి దాకా వెళ్లి పెరుగుతాయి. పుట్టినప్పుడు మగగా ఉండి, పెద్దయ్యాక ఆడగా మారే జాతి ఇది. మొగలో పడే భారీ పండుగప్పలు చాలామటుకు ఆడవే. తాడును కష్టపెట్టేవీ అవే.

ఈ సముద్రంలో దొరికే చేపలను తొలినాళ్లలో పుస్తకానికెక్కించినవారిలో ఒకడు స్కాట్లాండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ అధికారిగా ఉన్న తమ్ముడి దగ్గరికి వచ్చి, 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా నియమితుడయ్యాడు. విశాఖలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. చేపల పేర్లు ఇక్కడివాళ్లు పలికినట్టే రాసుకున్నాడు కాబట్టి, కోనాం, వంజరం అనే పేర్లు రెండు వందల ఏళ్ల క్రితమే ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎక్కాయి. ఆ చేపల్ని ఏ తాడుతో పట్టారన్నదాని మీద మాత్రం ఆయన ఆసక్తి అంతగా పోలేదు. శాస్త్రవేత్తకు చేప ముఖ్యం. పట్టేవాడికి తాడే ముఖ్యం.

పట్టేవాళ్లు వాడబలిజలు, జాలారులు. 1909లో అచ్చయిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో ఎడ్గర్ థర్స్‌టన్ ఇద్దరి గురించీ రాశాడు. అప్పటికి శ్రీకాకుళం, విజయనగరం అనే జిల్లాలు లేవు. ఇచ్ఛాపురం వైపు తీరం గంజాం జిల్లాలో, మిగిలింది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడి గంజాం చీలింది. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. గీతలు ఎన్నిసార్లు మారినా ఒడ్డున పడవ మాత్రం చాలాకాలం ఒకటే. తేలిక దుంగలను పక్కపక్కన బిగించిన తెప్ప. పూరీ దాకా వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకారులు కూడా ఈ తెప్పనే తీసుకెళ్లారు.

తెప్ప మీద ఇద్దరో ముగ్గురో కూర్చుంటే కాళ్లు నీళ్లలోనే ఉంటాయి. పెద్ద వల వేసే వీలు తక్కువ, గాలానికి మాత్రం ఇది సరైన ఆసనం. అప్పట్లో గాలపు తాడు పత్తి నూలుదో, జనుముదో. పాయలు పాయలుగా పేనిన ఆ తాడుకి ఒక మంచి గుణం ఉంది. పత్తి తడిస్తే బలం పెరుగుతుంది. ఒక చెడ్డ గుణమూ ఉంది. ఉప్పునీటిలో నానిన నూలును సూక్ష్మజీవులు తింటాయి. పైకి నిండుగా కనిపించే తాడు లోపల పుచ్చిపోయి ఉంటుంది. ఆ కాలంలో తాడు ఫలానా చోటే తెగుతుందని చెప్పలేం, ఎక్కడైనా తెగుతుంది. అందుకే ఒడ్డుకు రాగానే మంచినీటితో కడిగి ఆరబెట్టడం, మధ్యమధ్య తుమ్మ లాంటి చెట్ల బెరడు కాచిన ఎర్రటి కషాయంలో ముంచి తీయడం దక్షిణాది తీరం పొడవునా జరిగేది. బెరడులోని టానిన్ నూలు కుళ్లకుండా కొంతకాలం కాపాడేది. మళ్లీ సముద్రంలోకి దిగేముందు తాడును బారబారకీ రెండు చేతులా లాగి చూడాల్సిందే.

ఇదే శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీ నూలు వడికే ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ చిన్న చిన్న పళ్ల వరసలో పత్తి పీచు చిక్కు విడి శుభ్రపడుతుంది. నూలుకీ చేపకీ ఉన్న బంధుత్వం ఈ జిల్లాలో రెండు వైపులా నడిచిందన్నమాట.

తాడును అడుగుకు దించడానికి బరువు కావాలి. చిల్లు పెట్టిన రాయి చాలా పాతది. తర్వాత సీసం వచ్చింది. సులువుగా కరుగుతుంది, చిన్న ముద్దలోనే చాలా బరువు ఉంటుంది. నేల ఎలాంటిదో కూడా అదే చెబుతుంది. బండకు తగిలితే తాడు వెంట చేతికి టక్కుమని తెలుస్తుంది, బురదలో దిగితే మెత్తగా ఆగి, పైకి లాగేటప్పుడు పట్టి లాగుతుంది. చిక్కంతా బండ దగ్గరే. మంచి చేప ఉండేది బండ దగ్గర, తాడు తెగేదీ అక్కడే. గుల్లలు పట్టిన రాతి అంచు మీద బిగువుగా ఉన్న తాడు రెండుసార్లు ఒరుసుకుంటే చాలు. బారువ తీరానికి దగ్గరలో మునిగిన పాత ఆవిరి ఓడ శిథిలం లాంటి చోట తుప్పు పట్టిన ఇనుము కూడా అదే పని చేస్తుంది.

దీనికి ప్రపంచమంతటా గాలం వేసేవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటే. బరువును అసలు తాడుకు నేరుగా కట్టరు. అసలు తాడు కంటే బలం తక్కువున్న చిన్న దారపు ముక్కతో కిందికి వేలాడదీస్తారు. గాలాలు దానికి పైన, పక్కలకు పొట్టి కొమ్మల్లా ఉంటాయి. సీసం బండ సందులో ఇరుక్కుంటే ఆ బలహీనమైన ముక్క తెగి సీసమే పోతుంది. గాలం, చేప, మిగతా తాడు దక్కుతాయి. ఎక్కడ తెగాలో ముందే నిర్ణయించి పెట్టడం అన్నమాట.

నూలు తాళ్ల రోజుల్లోనే బ్రిటిష్ దొరలు కూడా తాళ్లు తెంపుకుంటున్నారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకం తెచ్చాడు. దొరల గాలం చివర కట్టేది పట్టుపురుగు లోపలి పట్టుతిత్తిని సాగదీసి చేసిన గట్. స్పెయిన్‌లోని ముర్సియా దానికి పేరుపడ్డ చోటు. ఎండిన గట్‌కు ముడి వేస్తే పుటుక్కుమంటుంది. నీళ్లలో నానబెట్టి మెత్తబడ్డాకే ముడి బిగించాలి. వంద రూపాయల పనిముట్టైనా అర నిమిషం ఓపిక లేకపోతే వృథా.

గాలాల సంగతి కూడా మారుతూ వచ్చింది. ఒకప్పుడు ఊరి కమ్మరి ఇనుప తీగ వంచి చేసిచ్చేవాడు. నార్వేలో 1832లో మొదలైన ముస్తాద్ కంపెనీ 1870లలో యంత్రంతో గాలాలు చేయడం నేర్చింది, ఆ గాలాలు భారత తీరానికీ చేరాయి. గాలం గట్టిపడేసరికి మొత్తం సరంజామాలో బలహీనమైనదిగా తాడే మిగిలింది.

ఆ తాడును మార్చింది అమెరికాలోని ఒక ప్రయోగశాల. 1935లో డ్యూపాంట్ కంపెనీలో వాలస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. 1938లో కంపెనీ దాన్ని లోకానికి ప్రకటించింది. ఆడవాళ్ల మేజోళ్లకు పేరొచ్చినా, గాలపు దారం కూడా నైలాన్ తొలి సరుకుల్లో ఒకటి. స్వాతంత్ర్యం తర్వాత 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఏర్పడింది. నూలు, జనుము, నైలాన్‌లలో ఏది ఎంత కాలం మన్నుతుందో పరీక్షించిన సంస్థల్లో అది ముఖ్యమైనది. 1960లు, 70లలో నైలాన్ వలలూ దారాలూ ఒడ్డు ఒడ్డుకీ పాకాయి. బెరడు కాచే కుండలు మూలపడ్డాయి.

నైలాన్ కుళ్లదు. ఒక్క ఆ గుణంతోనే అది గెలిచింది. అయితే నూలుకు లేని జబ్బులు దానికున్నాయి. తడిస్తే బలం పెరగకపోగా పదో వంతు పైనే తగ్గుతుంది. నెలల తరబడి ఎండలో పడి ఉంటే పెళుసవుతుంది. అన్నిటికంటే ముఖ్యం ముడి. నూలు గరుకుగా ఉంటుంది కాబట్టి ఎలాంటి ముడైనా పట్టు నిలుస్తుంది. నున్నటి ఒంటిపోగు నైలాన్‌కు మామూలు ముడి వేస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది, లేకపోతే ముడి జారుతుంది. పొడిగా ఉండగానే జర్రున బిగిస్తే రాపిడి వేడికే అక్కడ దారం దెబ్బతింటుంది. అందుకే ముడిని నోట్లో పెట్టి ఉమ్మితో తడిపి మెల్లగా బిగిస్తారు. థామస్ కాలపు గట్‌కు కావలసిన ఓపికే ఇక్కడా కావాలి, కారణం వేరు.

సీసం కూడా నైలాన్‌కు కొత్త శత్రువైంది. పళ్లతోనో పట్కారుతోనో సీసాన్ని దారానికి నొక్కి బిగిస్తే ఆ నొక్కు దగ్గర దారం నలుగుతుంది. దారం మీద అటూ ఇటూ జారే చిల్లు సీసమైతే, విసిరిన ప్రతిసారీ వచ్చి కింది ముడికి కొట్టుకుంటుంది. చిల్లు అంచు నునుపుగా లేకపోతే దారాన్ని గీరుతుంది. నీళ్లలో గిరగిరా తిరిగే సీసం దారాన్ని మెలిపెడుతుంది. మధ్యలో తిరుగుడు కడియం పెడితే ఆ మెలిక తప్పుతుంది.

ఇప్పుడు ఆ తెగిన కొస సంగతి. కొస పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారిందని అర్థం. చివరి జానెడు తెల్లగా గరుకుగా నూగు లేచి ఉంటే బండో, మొప్ప మూతో ఒరిసింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే కోనాం పళ్లు. దారం సాగి సన్నబడి తెగితే లాగినవాడి తొందర. చేతి గాలంలో బలం చూసుకోవాల్సింది వేళ్లే. చేప పరుగెత్తేటప్పుడు వేళ్ల మధ్య నుంచి దారం వదలాలి, ఆగినప్పుడు తీసుకోవాలి. కోనానికీ సొరకూ మాత్రం వేళ్ల నేర్పు చాలదు, గాలం దగ్గర కొంత మేర లోహపు తీగ కట్టాలి. ఒక చేప పడ్డ తర్వాత చివరి రెండు బారల దారాన్ని గోళ్ల మధ్య నడిపి, గరుకు తగిలిన చోటికి కోసి పారేసి, మళ్లీ ముడి వేయడమే అన్ని మందుల్లోకీ చవకైన మందు. నూలు రోజుల్లో తాడంతా చూడాల్సి వచ్చేది. నైలాన్ ఆ చూపును చివరి రెండు బారలకు కుదించింది.

అయినా గాలం మునుపటంత ప్రధానం కాదు. ఇంజన్లు, ఫైబర్ బోట్లు, నైలాన్ వలలు కలిసి దాన్ని పక్కకు నెట్టాయి. మత్స్యకారుల్లో చాలామంది గుజరాత్‌లోని వెరావల్ మరపడవల్లో కూలికి వెళ్తున్నారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైనవారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఊళ్లవాళ్లే ఎక్కువ. ఇక పండుగప్ప చెరువుల్లోకి చేరింది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలచరాల సంస్థ 1997లో హేచరీలో దాని పిల్లలను ఉత్పత్తి చేశాక సాగుకు దారి పడింది.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలకూ ఇంజన్ పడవలకూ వేట నిషేధం. ఇంజన్ లేని సంప్రదాయ తెప్పలకు ఆ నిషేధం వర్తించదు. ఆ 61 రోజులూ గాలం వేసేవాడికి బండల దగ్గర పోటీ తక్కువ. పోగొట్టుకున్న దారం మాత్రం ఇప్పుడు సముద్రానికే లెక్క తేలని అప్పు. నూలు తాడు తెగి కిందపడితే కొన్నాళ్లకు కుళ్లిపోయేది. నైలాన్ దారం సీసంతో సహా బండకు చుట్టుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, ఆ తర్వాత అదే బండ దగ్గర దించిన గాలాలు దానికే తగులుకుంటాయి.