మంచం దిగిన గుండె

"జర భద్రకాళి చెరువు కట్ట దాక పోయొస్త బిడ్డా" అనేవాడు తాత. మేం పోనియ్యలేదు. హార్ట్ ఫెయిల్యూర్. కాళ్లకు నీరు. మా హన్మకొండ ఇంట్లో ప్రేమంటే మంచినీళ్లు కూడా మంచం దగ్గరికే అందివ్వడం. ఆర్నెల్లకి బాత్రూం దాకా నడవడమూ కష్టమైంది. అంతా గుండె పనే అనుకున్నాం. అందులో మంచం వాటా ఎంతో తర్వాత చదివితే తెలిసింది.

మా భయం మా ఒక్కరిదే కాదు, దానికి పెద్ద చరిత్రే ఉంది. 18వ శతాబ్దపు లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్, గుండెనొప్పి ఉన్న ఒకాయన రోజూ అరగంట రంపంతో కట్టెలు కోసి దాదాపు నయమయ్యాడని రాసిపెట్టాడు. అయినా 20వ శతాబ్దం మొదట్లో గుండెపోటుకి వారాల తరబడి మంచమే మందు. 1952లో లెవిన్, లౌన్ అనే అమెరికన్ డాక్టర్లు రోగుల్ని కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద సాహసం. మన కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైన 1959 నాటికి హార్ట్ ఫెయిల్యూర్‌కి పాఠం ఇంకా విశ్రాంతే.

1966లో డల్లాస్‌లో అయిదుగురు కుర్రాళ్లని మూడు వారాలు మంచం దిగనివ్వలేదు. శరీరం ఆక్సిజన్ వాడుకునే శక్తి నాలుగో వంతుకి పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షించారు. మూడు వారాల పడక చేసినంత నష్టం ముప్పై ఏళ్ల వయసు కూడా చేయలేదు!

1990లో ఆండ్రూ కోట్స్ బృందం హార్ట్ ఫెయిల్యూర్ రోగులతో ఇంట్లోనే సైకిల్ తొక్కించి చూపింది. ఆయాసంలో కొంత భాగం గుండెది కాదు, వాడక కరిగిపోయిన కండలది. 2009లో 2,331 మందితో చేసిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనం వ్యాయామం సురక్షితమని తేల్చింది. కానీ అందులో సగం మంది అరవై లోపు వాళ్లే. మరి తాతలు?

వాళ్ల వంతు 2021లో వచ్చింది. రీహ్యాబ్-హెచ్‌ఎఫ్‌లో 349 మంది, అందరూ అరవై దాటినవాళ్లు, అప్పుడే ఆసుపత్రిలో చేరినవాళ్లు. వాళ్లకి పరుగు నేర్పలేదు. కుర్చీలోంచి లేవడం, తూలకుండా నిలబడటం, నాలుగడుగులు. మూడు నెలల్లో నడక, బలం మెరుగయ్యాయి. మళ్లీ ఆసుపత్రిలో చేరడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఇది అద్భుతం కాదు. కానీ బాత్రూంకి తానే వెళ్లగలగడం ఆ వయసులో చిన్న విషయమా?

ఒళ్లు వాచి, కూర్చున్నా ఆయాసపడుతుంటే ముందు మందులే. నడక ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. కానీ ఆ మాట అడగాల్సింది మనం. మేం అడగలేదు. పొద్దున కట్ట మీద కర్ర పట్టుకుని మెల్లగా నడిచే ముసలాయన కనిపిస్తే, పక్కకి జరిగి దారిస్తాను.