రెండు మిల్లుల కలయిక

అరకు సంతలో ఖాకీ గుడ్డ చూచినప్పుడెల్ల నాకు చెన్నపట్టణమందలి పెరంబూరు జ్ఞప్తికి వచ్చును. బిన్నీ కంపెనీవారు అచ్చట 1876లో బకింగుహాము మిల్లును, 1881లో కర్ణాటక మిల్లును స్థాపించిరి. 1920లో రెండును కలిసి ఒకే కంపెనీ యయ్యెను. ఖాకీ నేతకు అది పేరుపొందినది.

అందలి కూలీలలో మన తెలుగువారును ఉండిరి. మధ్యాహ్న భోజనమునకు వారికి దొరకినది అరగంట మాత్రమే. 1918 ఏప్రిల్ 27న కార్మికసంఘముగా నేర్పడి, మరి పది నిమిషములు సాధించుకొనిరి.

కాని 1920లో యజమానులు సంఘనాయకుడగు వాడియాపై హైకోర్టులో నిషేధాజ్ఞ తెచ్చిరి. మిల్లులు కలిసిన వృద్ధియట, కూలీలు కలిసిన నేరమట! ఆ వివాదమే 1926 నాటి కార్మికసంఘముల చట్టమునకు దారితీసెను.

1996లో మిల్లులు మూతపడెను. ఆ పది నిమిషముల కథను మీ పిల్లలకు చెప్పుడు.