నీరు నడచివచ్చిన దారి

కోనసీమకు నలువైపుల నీరే. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణమున సముద్రము. అయినను తీరగ్రామములలో బావి త్రవ్విన ఉప్పునీరు పడుట అచ్చటివారికి క్రొత్త గాదు. ఇట్టి సీమకు తీయనినీ రెట్లు చేరినదో తెలిసికొనవలెనన్న మనము ధవళేశ్వరమునందలి కాటన్ మ్యూజియమును, గన్నవరమునందలి అక్విడక్టును కలిపి చూడవలెను.

నగరముల నీటిచరిత్ర యనగానే ఆవిరియంత్రములు తలపునకు వచ్చును. లండను నగరమున క్యూ బ్రిడ్జి యొద్దనున్న పాత పంపుహౌసునే 1975లో మ్యూజియముగా తెరచిరి. కోనసీమకు మాత్రము నీటిని తెచ్చినది యంత్రము గాదు, నేల వాటము. నీరు పల్లమెరుగునన్న సామెతయే ఇచ్చటి ఇంజనీరింగు.

ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున 1847లో ఆనకట్ట పని ఆరంభించి 1852 నాటికి ముగించెను. వీణెం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై నిలిచిరి. ఆ ఆనకట్ట నదిని తోడలేదు. నీటిమట్టమును కాలువల ముఖములకు అందునంతగా ఎత్తినది. అటుపై నీరు తనంత తానే పారినది. అయితే రాజోలువైపు పోవు కాలువకు వైనతేయ అడ్డు వచ్చినది. నదిని దాటించుటకు హేగ్ అను యువ ఇంజనీరు గన్నవరమున నలుబది అడుగుల వెడల్పు గల 49 కమానులపై కాలువనే వంతెనగా నడపెను. క్రింద నది, మీద కాలువ! 2000లో దాని ప్రక్కనే క్రొత్త అక్విడక్టు వెలసినది. ఆ సీమలో అన్నదానమునకు పేరొందిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టిరి.

పొలములకై త్రవ్విన కాలువలే త్రాగునీటికిని ఆధారమైనవి. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు గనుక ముందుగనే చెరువులు నింపుకొని, ఆ నీటిని వడకట్టి, ఎత్తు ట్యాంకుల కెక్కించి కుళాయిలకు వదలుదురు. పంపునకు పని తగులునది ఈ కడపటి మజిలీలోనే. ధవళేశ్వరమునుండి ఊరిచెరువు వరకు కాలువయే గొట్టము.

ఇది తెలిసినపుడు కాలువగట్టున మన నడవడి మారవలసియున్నది. మ్యూజియములోని నమూనాలను దుమ్ము పడకుండ కాపాడుదుము. కాలువలో మాత్రము చెత్త పోయుదుము, మురుగు కలుపుదుము. ఎగువ ఊరు విడిచిన మురికి దిగువ ఊరి చెరువునకే చేరును. ధవళేశ్వరమునకు పిల్లలను తీసికొనిపోవు పెద్దలు, మరలివచ్చునపుడు గన్నవరమున కొంతసేపు నిలిచి, తమ ఇంటి బిందెలోని నీరు ఏ దారిని వచ్చుచున్నదో వారికి చూపుట మంచిది.