ధవళేశ్వరం మీదుగా లండన్‌కి

ఏడాదిలో ఎన్ని దేశాల నవలలు చదివామో లెక్క రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. నాకూ ఉంది. జపాన్ అయింది, నైజీరియా అయింది, చిలీ మిగిలింది. తప్పేం లేదు. కానీ ఆ లెక్కలో ఒక ప్రశ్నకి చోటుండదు: ఇన్ని దేశాలు తిరిగొచ్చాక మన ఊరు మనకి మునుపటిలాగే కనిపిస్తోందా?

ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు నాకు రాజమండ్రి కందుకూరి వీరేశలింగం గుర్తొస్తారు. సంఘసంస్కర్తగా ఆయన్ని పాఠ్యపుస్తకాల్లో చదివేసి పక్కన పెట్టేశాం. పాఠకుడిగా ఆయన గురించి మాట్లాడుకునేది తక్కువే.

ఆలివర్ గోల్డ్‌స్మిత్ 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' 1766లో వచ్చింది. ఆస్తి పోగొట్టుకుని కుటుంబంతో సహా కష్టాల్లో పడ్డ ఒక మతాచార్యుడి కథ. వందేళ్ళు దాటాక, దాని ప్రేరణతో వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1878లో 'వివేకవర్ధని'లో మొదలై, 1880లో పుస్తకమైంది. తొలి తెలుగు నవల ఇదేనా అన్న వాదం అలా ఉంచండి. ఆయన ఇంగ్లండుని ఉన్నదున్నట్టు దించలేదు. మతాచార్యుడి చోట ధవళేశ్వరం గృహస్థు రాజశేఖరుడు వచ్చాడు. మారువేషంలో తిరిగే ఇంగ్లీషు ప్రభువు చోట పెద్దాపురం కృష్ణజగపతి వచ్చాడు. బంగారం చేసిపెడతానని నమ్మించే బైరాగి, పొగిడి పబ్బం గడుపుకునేవాళ్ళు మాత్రం అచ్చంగా మనవాళ్ళే.

ఆ కథ మళ్ళీ ఓడెక్కింది కూడా. 1887లో హచిన్‌సన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో లండన్‌లో వెలువడింది.

తర్వాత 1890లలో 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' వచ్చింది. ఈసారి ప్రేరణ స్విఫ్ట్ 'గలివర్స్ ట్రావెల్స్'. సత్యరాజాచార్యులు చేరిన ఆడుమళయాళంలో పెత్తనం ఆడవాళ్ళది, అణకువ మగవాళ్ళది. నవ్వుకుంటూ చదువుతాం. రాసిందెవరో తలుచుకుంటే నవ్వు కాస్త ఆగుతుంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి, ఊరి ఆగ్రహాన్ని భరించిన మనిషి ఆయన. భార్య పోయినవాడు మళ్ళీ పెళ్ళాడితే అది మామూలు సంగతి. పసితనంలోనే భర్త పోయిన పిల్లకి పెళ్ళంటే మహాపాపం. సభలో చెబితే గొడవయ్యే మాటని, పరదేశం పేరు పెట్టి కథగా చెబితే జనం చదువుతారు.

ఆడవాళ్ళ పెత్తనమే వింత అన్నట్టు నవ్వించడంలో ఆ కాలపు హద్దు మనకి తెలుస్తూనే ఉంటుంది. అయినా అక్కడి మగవాడి అవస్థ చూసి నవ్విన పాఠకుడు, అదే అవస్థ తన వంటింట్లో ఎవరు పడుతున్నారో చూడక తప్పదు. లంకంత దూరం తీసుకెళ్ళి మన గుమ్మం ముందే దింపేశాడాయన. పరాయి దేశపు నవల చదవడం ఎందుకంటే, నాకు తెలిసిన సమాధానం ఇదే.