పసుపు టీ కెటిల్

1977 జులైలో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్ మీదికి ఒక పసుపు కారు వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన రెనో కంపెనీది. ఫార్ములా వన్ నియమాల్లో చాలా ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని మాట ఒకటుండేది: మామూలు ఇంజిన్ 3 లీటర్ల దాకా ఉండొచ్చు, గాలిని బలవంతంగా లోపలికి నెట్టే ఇంజిన్ అయితే ఒకటిన్నర లీటరే. సగం ఇంజిన్‌తో పందెమేమిటని అందరూ వదిలేసిన ఆ దారినే రెనో పట్టింది.

ఇంజిన్ నుంచి పోయే పొగ ఊరికే పోతోంది కదా! ఆ పొగతోనే చిన్న చక్రాన్ని తిప్పి, దాని ఊపుతో గాలిని ఇంజిన్లోకి కుక్కితే? అదే టర్బో. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. తొలి పందెంలో రెనో డ్రైవర్ జాన్-పియెర్ జబూయ్ 21వ స్థానం నుంచి బయల్దేరాడు. టర్బో చెడి మధ్యలోనే ఆగిపోయాడు. ఆ తర్వాతా అదే వరస. పొగ కక్కుతూ పక్కకు ఒరిగే ఆ బండికి 'పసుపు టీ కెటిల్' అని పేరు పడింది.

వేడి ఒక శత్రువు, ఆలస్యం ఇంకో శత్రువు. యాక్సిలరేటర్ తొక్కాక టర్బో చక్రం వేగం అందుకునేదాకా బండి బద్ధకంగా ఉండేది. అందుకున్నాక మెడ మీద చేయివేసి నెట్టినట్టు ఒక్కసారిగా దూకేది. మలుపు దాటాక కావలసిన బలాన్ని మలుపు రాకముందే అడిగి పెట్టుకోవాలి. జబూయ్ ఓపికగా ఆ విద్య నేర్చుకున్నాడు. 1979లో ఇంజినీర్లు ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి బిగించారు. చిన్న చక్రం త్వరగా తిరుగుతుంది, అంతే కిటుకు! ఆ జులై 1న దిజోన్‌లో జబూయ్ గెలిచాడు. టర్బోకు అదే మొదటి విజయం. పాపం, జనానికి గుర్తున్నది మాత్రం రెండో స్థానం కోసం అతని జోడీ రెనే ఆర్నూ, ఫెరారీ డ్రైవర్ జిల్ విల్నెవ్ చక్రాలు రాసుకుంటూ చేసిన పోరు.

ఇంజిన్ చిక్కు ఓ కొలిక్కి వచ్చాక మనుషుల చిక్కు మొదలైంది. 1981లో అలాన్ ప్రోస్ట్ ఆర్నూకు జోడీగా జట్టులో చేరాడు. కారు ఒకటే రకం కాబట్టి ఓడినవాడు కారును నిందించలేడు. పందేల్లో మొదట పోల్చిచూసేది జోడీనే. ఇంట్లో తోడికోడళ్ల వంటను పోల్చినట్టు!

1982 జులై 25, పాల్ రికార్ ట్రాక్, ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి. అప్పటికి ప్రోస్ట్‌కు 19 పాయింట్లు, ఆర్నూకు 4. పాయింట్ల పట్టికలో ముందున్న డ్రైవర్ పిరోనీకి 35. అందుకే ఆర్నూ దారి ఇవ్వాలని జట్టు అనుకుంది. ఆర్నూ ముందున్నాడు, ప్రోస్ట్ వెనక. దారి వదలమని ట్రాక్ పక్కన బోర్డు పదేపదే చూపించారు. ఆర్నూ వదల్లేదు. ప్రోస్ట్ మీద 17 సెకన్ల తేడాతో గెలిచాడు. సొంత గడ్డ మీద, అందరికంటే ముందు స్థానం నుంచి మొదలుపెట్టి గెలిచే అవకాశాన్ని ఎవరు చేజార్చుకుంటారు? నాకైతే ఆర్నూను తప్పుపట్టాలనిపించదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూ ప్రోస్ట్ పెట్రోలు బంకు దగ్గర ఆగాడట. బంకులో మనిషి అతన్ని ఆర్నూ అనుకుని, ఆ ప్రోస్ట్‌కు భలే బుద్ధి చెప్పారంటూ మెచ్చుకున్నాడట. కార్డు తీస్తే పేరు బయటపడుతుందని ప్రోస్ట్ నగదు ఇచ్చి వచ్చేశాడు. ఈ కథ చెప్పింది ప్రోస్టే.

ఆ ఏడాది 16 పందేల్లో 10సార్లు రెనో కార్లే అందరికంటే ముందు నిలబడి బయల్దేరాయి. గెలిచినవి నాలుగే. ఆస్ట్రియాలో గెలుపు ఇంకో ఐదారు ల్యాప్‌ల దూరంలో ఉండగా ప్రోస్ట్ కారులో ఇంధనం చిమ్మే ఏర్పాటు మొరాయించింది. చివరికి ఛాంపియన్ రోస్‌బర్గ్‌కు 44 పాయింట్లు, ప్రోస్ట్‌కు 34. పాల్ రికార్‌లో ఆర్నూ దారి ఇచ్చినా మూడు పాయింట్లే కలిసేవి. ఆస్ట్రియాలో పోయినవి తొమ్మిది. ఆ రెండూ 34కు కలిస్తే 46. గొడవ మాత్రం ఆ మూడింటి మీదే నడిచింది.

1983లో ఆర్నూ ఫెరారీకి వెళ్లిపోయాడు. ప్రోస్ట్ రెనోలోనే ఉండి, చివరి పందెంలో రెండు పాయింట్ల తేడాతో టైటిల్ పోగొట్టుకున్నాడు. టైటిల్ గెలిచిన పికే కారులోనూ టర్బో ఇంజినే ఉంది, కానీ అది బీఎండబ్ల్యూది.