చెరువు నీరు, ఎత్తిపోతల నీరు: స్వాధీనతా విచారము

ఒక సంస్థ తన సమాచారమును స్వంత యంత్రములలో నిలుపుకొనవలెనా, దూరమున నున్న కంపెనీల క్లౌడ్ సేవను అద్దెకు గొనవలెనా యను చర్చ నేడు విశ్వవిద్యాలయములందును వినబడుచున్నది. తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రములను భద్రపఱచు తెలుగు శాఖల కిది పరాయి విషయము కాదు. ఇట్టి ప్రశ్ననే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతులు నీటి విషయమున చిరకాలముగా నెదుర్కొనుచున్నారు. ఆ చరిత్రను మే మిచట సంగ్రహముగా పరిశీలింతుము.

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ నిర్మింపజేసెను. ఆ చెరువుకట్ట శాసనము కాకతీయ వంశక్రమమునకు ముఖ్యాధారము. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లకు ప్రసిద్ధమైన గణపురము చెరువును గణపతిదేవుని కాలమునాటిదే. కట్టించుటతో పని తీరదని ఆనాటివా రెఱుగుదురు. చెరువును నిర్మించి సంరక్షించువారికి దాని క్రింది భూమిలోగాని పంటలోగాని కొంత భాగమును దశబంధము పేర నొసగు నాచారము శాసనములందు కానవచ్చును. తూమును, మత్తడిని కనిపెట్టుటకు ఊరిలోనే నీరటి యుండెడివాడు. వ్యయము, శ్రమ, అధికారము ఒక్కచోటనే యుండినవి.

అట్లని స్వంత చెరువు సర్వసమర్థమని చెప్పరాదు. వాన తప్పిన యేడు జనగామ మెట్టసీమలో చెరు వెండుటయు, బావి యడుగంటుటయు అనుభవసిద్ధము. ఆ కొఱత తీర్చుటకే ఏటూరునాగారము ప్రాంతమున గంగారము కడ గోదావరి నీటిని దశలవారీగా పైకెత్తు దేవాదుల పథకము వచ్చినది. ఒక్క ఊరు తన శక్తితో ఎన్నటికిని చేయలేని పని యది. అయినను పంపులు, విద్యుత్తు, నీరు విడుచు దినము ఊరివారి యధీనమున లేవు. భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ కడ 2019 జూన్ 21న ప్రారంభమైన కాళేశ్వరపు బరాజులో 2023 అక్టోబరు 21న స్తంభములు కుంగినవి. నీరు నిలుపుట ఆగినది. ఒకే మూలమును నమ్ముకొన్నచో ఒక్కచోటి లోపము ఎంతదూరము ప్రాకగలదో ఈ యుదంతము హెచ్చరించుచున్నది.

బయటి నీటిని గ్రహించుట దోషము కాదు. కాలువ వచ్చినదని వాగునుండి చెరువుకు వచ్చు కట్టుకాలువను పూడనిచ్చి, శిఖము భూమి నాక్రమించి, నీరటి పనిని మఱచిన ఊరికి మరల వెనుకకు దారి యుండదు. ఆ దారి మూసికొనిపోవుటనే మేము బంధమనుచున్నాము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించినది. మన్ను నెత్తుటకు యంత్రములు చాలును. తరతరముల నేర్పు నష్టమైనచో దానిని త్రవ్వి తీయు యంత్రము లేదు.

దేవాదుల నీటితో ఊరి చెరువులు నింపు పద్ధతియే మాకు మేలుగా తోచుచున్నది. అందు నీరు దూరమునుండి వచ్చినను నిలువ ఊరిది, తూము తెఱచు నధికారమును ఊరిదే. తాళపత్రముల ఛాయాచిత్రములకును ఇదియే న్యాయము: అద్దె కోశమున నొక ప్రతి యుండవచ్చును, ఏ యంత్రమందైనను తెఱువదగిన రూపమున వేఱొక ప్రతి శాఖలో నుండవలెను, దానిని తెఱువ నేర్చినవారును శాఖలోనే యుండవలెను.